అచ్చుకెక్కనిదాన్ని కనిపెట్టిన వారికి సన్మాన పత్రం

రేపల్లె వైపు నుంచి చూస్తే కృష్ణకు ఆవలి ఒడ్డున శ్రీకాకుళం. అక్కడి ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకం పొడుగునా దెప్పిపొడిచాడు. పైకి నింద, లోపల స్తుతి. అంత భక్తి మాకు లేదు, అంత కవిత్వమూ లేదు. అందుకని తిరగేసుకున్నాం. పైకి స్తుతి, లోపలి సంగతి చదివేవారి పుణ్యం. బాపట్ల జిల్లా, వేటపాలెం మండలం, రామాపురం గ్రామస్థులం సముద్రపు గాలి సాక్షిగా, మోడెంలో సాఫ్టువేరు మార్చే పద్ధతిని సొంతం చేసుకున్న పేటెంటు గారికీ, వారి అన్నదమ్ములకూ, వారి పల్లకీని కోర్టు నుంచి కోర్టుకు మోసే బోయీలకూ వినయంతో సమర్పించుకుంటున్న పత్రం ఇది.

ఓ అపూర్వ ద్రష్టా!

మీ ఘనత చెప్పాలంటే ముందు మోడెం సంగతి చెప్పాలి. కంప్యూటరుకు తెలిసినవి ఒకట్లూ సున్నాలూ. టెలిఫోను తీగకు తెలిసినవి కూతలూ ఈలలూ. ఒకరి మాట ఒకరికి చెప్పే దుబాసీ మోడెం. ఆ దుబాసీకి భాష నేర్పేది లోపలి చిప్పులోని సాఫ్టువేరు. మొదట్లో అది బ్రహ్మరాత. మార్చాలంటే మూత విప్పి, చిప్పు పీకి, కొత్తది గుచ్చాలి. 1990ల్లో చెరిపి రాసుకోగల ఫ్లాష్ మెమరీ మోడెముల్లోకి వచ్చింది. ఆ కాలంలోనే వేగాలూ పరుగందుకున్నాయి. 1994లో సెకనుకు 28,800 బిట్ల వి.34 ప్రమాణం వచ్చింది. 1997లో 56 వేల బిట్ల మోడెములు ఎక్స్2 అని ఒక శాఖగా, కె56ఫ్లెక్స్ అని ఇంకో శాఖగా వచ్చాయి. ఒక శాఖ మంత్రం ఇంకో శాఖకు పనికొచ్చేది కాదు. 1998లో వి.90 ప్రమాణం వచ్చి ఇద్దరికీ రాజీ కుదిర్చింది. ఈలోగా పెట్టెలు కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళలో పాత సాఫ్టువేరు పోయి కొత్తది రావాలి.

ఎలా రావాలి? అక్కడే మీ ప్రతిభ. ఆ పెట్టెకు ఒక తీగ ఉంది. లోకంలోని కబుర్లన్నీ ఆ తీగ మీదే వస్తాయి. వచ్చినదాన్ని అందుకోవడానికే ఆ పెట్టె పుట్టింది. అలాంటి పెట్టెకు కావలసిన సాఫ్టువేరును కూడా ఆ తీగ మీదే పంపవచ్చునని మీకు తట్టింది! పోస్టుమాను ఇంటికి వచ్చే ఉత్తరం కూడా పోస్టులోనే రావచ్చునని కనిపెట్టినవారు ఈ భూమ్మీద ఇంకెవరున్నారు? ఇలాంటి పద్ధతుల మీద పేటెంట్లు పుట్టాయి, వాటి వెంటే 'ఇందులో కొత్తేముంది?' అన్న తగాదాలూ పుట్టాయి. గిట్టనివాళ్ళ మాటలు మీరు మనసులో పెట్టుకోవద్దు. పేటెంటు అన్న మాటకు ఇంగ్లీషులో 'తేటతెల్లమైనది' అనే అర్థం కూడా ఉంది. పేరుకు తగ్గట్టు బతికేవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది?

ఓ మహానేతా!

నేత అన్న మాటకు చీరాల, వేటపాలెం చుట్టుపక్కల రెండర్థాలు. ఒక నేత మాట నేస్తాడు, ఇంకో నేత బట్ట నేస్తుంది. మీరు మొదటి కోవ. రెండో కోవ మా పెదనాన్నది.

పోయిన వేసవిలో ఒక రాత్రి మా ఇంట్లో మోడెం తనంతట తాను సాఫ్టువేరు మార్చుకోవడం మొదలుపెట్టింది. సగంలో కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఎర్ర దీపం తప్ప చలనం లేదు. కంపెనీకి ఫోను చేస్తే, "ఆపి మళ్ళీ ఆన్ చేయండి సార్" అన్నారు. ఆడేదాన్నయితే ఆపొచ్చు. కేబుల్ కుర్రాడు వచ్చి తిప్పి చూసి, "ఇటుకైపోయిందన్నా" అని పెదవి విరిచాడు.

అరుగు మీద కూచున్న పెదనాన్న విన్నాడు. ఆయనకు మగ్గం తెలుసు, మోడెం తెలియదు.

"ఏమైందిరా దానికి?"

"పాతది చెరిపేసి కొత్తది ఎక్కించుకుంటోంది పెదనాన్నా. మధ్యలో కరెంటు పోయింది."

"పాతదంతా చెరుపుకుందా? కొస మిగుల్చుకోలేదూ?"

మగ్గం ఎరగనివారి కోసం ఒక మాట. పడుగు అయిపోయినప్పుడు నేతగాడు వందలూ వేలూ ఉన్న పోగుల్ని మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కటిగా పన్నెలోకి ఎక్కించుకుంటూ కూచోడు. పాత పడుగు కొసను మగ్గం మీదే ఉంచి, దాని ఒక్కో పోగుకూ కొత్త పడుగు పోగును ముడివేసి లాగుతాడు. పాతది పోతూ పోతూ కొత్తదాన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి తన చోట కూర్చోబెట్టి పోతుంది. దీన్ని అచ్చు అతకడం అంటారు. బుద్ధిగల మోడెంలోనూ ఇదే ఏర్పాటు. లోపల చిన్న సాఫ్టువేరు ముక్క ఒకటి చెరగకుండా ఉంటుంది. అది కొత్తదాన్ని అందుకుని, మధ్యలో ఏమైనా జారిపోయిందేమో లెక్క చూసుకుని, పాతదాని చోట పెడుతుంది. కరెంటు పోయినా ఆ ముక్క బతికి ఉంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. అది కూడా చెరిగితే మిగిలేది ఇటుకే.

ఆర్యా, ఇలాంటి సూక్ష్మాన్ని మీ వకీళ్ళు 'మొదటి మెమరీ ప్రదేశము', 'సదరు మొదటి మెమరీ ప్రదేశమునకు భిన్నమైన రెండవ మెమరీ ప్రదేశము' అంటూ పేజీలకు పేజీలు పరుస్తారు. మా పెదనాన్న నాలుగు మాటల్లో తేల్చేశాడు. అందుకే ఆయనకు పేటెంటు రాలేదు. పొడుగ్గా చెప్పడం ఆయనకు చేతకాదు.

ఓ మౌనవ్యాపారీ!

మీ వంశంలో పెద్దవారిని తలుచుకోకపోతే ఈ పత్రం నిండదు. అమెరికాలో హేస్ కంపెనీ 1981లో స్మార్ట్‌మోడెం తెచ్చింది. కబుర్లు పారుతుండగా మధ్యలో కంప్యూటరు మోడెంతోనే మాట్లాడాల్సి వస్తుంది. 'ఇక ఫోను పెట్టెయ్' అనాలి. అది తనతో అన్న మాటో, అవతలికి పంపమన్న మాటో మోడెంకు ఎలా తెలియాలి? మూడు ప్లస్సు గుర్తులు పంపాలన్నారు. ప్లస్సులు మామూలు ఉత్తరంలోనూ ఉండవచ్చు కాబట్టి వాటికి ముందు కాసేపు, వెనక కాసేపు ఊరుకోవాలన్నారు. వాడుకలో అది ఒక్కో సెకను. ఆ ఊరుకోవడానికి 1985లో పేటెంటు వచ్చింది. పోటీ కంపెనీలు అది చెల్లదన్నాయి. జ్యూరీ చెల్లుతుందంది. 1992లో అప్పీలు కోర్టు జ్యూరీ మాటే నిలబెట్టింది.

మా రామాలయంలో పురాణం చెప్పే ఆయన సీతాపహరణం మధ్యలో ఆగి, ఓ క్షణం ఊరుకుని, "ఆ మైకు కాస్త తగ్గించవయ్యా" అని, మళ్ళీ ఓ క్షణం ఊరుకుని రావణుడి దగ్గరికి వెళ్తాడు. మైకు వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట రావణుడన్నాడనుకోలేదు. ఆ రెండు క్షణాలకూ ఆయన ఎవరికీ పైసా కట్టలేదు. మౌనం అర్ధాంగీకారమని మా పెద్దలు సగంతో సరిపెట్టుకున్నారు. మౌనం పూర్తి ఆదాయమని మీ పెద్దలు కదా నిరూపించింది!

రుసుము కట్టడం ఇష్టంలేని కొన్ని కంపెనీలు మౌనాన్ని తీసేసి ఉత్త ప్లస్సులతో సరిపెట్టాయి. తర్వాత కొంటె కుర్రాళ్ళు మూడు ప్లస్సులకు ఫోను పెట్టేసే ఆజ్ఞ తగిలించి అవతలి కంప్యూటరుకు పంపేవారు. అది మర్యాదకు అదే మాట తిప్పి చెప్పబోయేది. చెప్పేలోపు దాని మోడెమే దాని లైను తెగ్గొట్టేది. రెండు సెకన్ల మౌనానికి గేటు కట్టినందుకు ఎందరి మాటలు మధ్యలో తెగాయో! ఇక హేస్ కంపెనీ 1994లో ఒకసారి, 1998లో మరోసారి దివాలా కోర్టు గడప ఎక్కి, 1999 నాటికి అమ్ముడైపోయింది. తాను పేటెంటు పుచ్చుకున్న మౌనంలోకి తానే వెళ్ళిపోయింది. ఇంత నియమనిష్ఠలు ఇంకెక్కడ చూస్తాం?

ఓ బహుభాషా కోవిదా!

పెట్టెలు కొన్ని కొత్త భాష నేర్చి, కొన్ని పాత భాషలోనే ఉంటే ఒకే దారి మీద ఇద్దరితోనూ మాట్లాడాలి. పెద్ద పెట్టె ముందుగా ఒక భాషలో 'ఇకమీద వచ్చేది ఆ రెండో భాష' అని చెప్పి, తర్వాత ఆ భాషలోకి మారుతుంది. పారాడైన్ అనే మోడెం కంపెనీలో పుట్టిన ఈ ఊహ మీద పేటెంట్లు చేతులు మారి రెంబ్రాంట్ అనే సంస్థకు చేరాయి. శాంసంగ్ ఫోన్లలోని బ్లూటూత్ దీన్నే వాడుతోందని దావా పడింది. టెక్సాసులో మార్షల్ అని, జనాభాలో మన బాపట్ల కన్నా చిన్న ఊరు. అక్కడి జ్యూరీ 2015లో 1.57 కోట్ల డాలర్లు కట్టమంది. 'ఈ విద్యలో ఉన్న ఎవరికైనా తట్టేదే' అన్న శాంసంగ్ వాదన 2017లో అప్పీలు కోర్టులోనూ నిలవలేదు. డబ్బు లెక్కలో కొంత భాగం మాత్రం మళ్ళీ చూడమన్నారు.

బాపట్ల స్టేషనులో గంట టింగుమంటుంది, తెలుగు ప్రకటన అయిపోతుంది. మళ్ళీ టింగుమంటుంది, హిందీ వస్తుంది. ఆ టింగు విలువ తెలియక ప్లాట్‌ఫారం మీద పల్లీలు నములుతూ కూచున్నాం. మా అజ్ఞానాన్ని మన్నించండి.

ఓ కాగితపూజ్యా!

మీలో మాకు అన్నిటికన్నా నచ్చింది కాగితం మీద మీకున్న భక్తి.

పసుపు పెడితే గాయం మానుతుందన్న సంగతికి 1995 మార్చిలో అమెరికా పేటెంటు ఇచ్చింది. పుచ్చుకున్నది మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం. తెనాలి పక్కన దుగ్గిరాల యార్డులో పసుపు గుట్టలు పోస్తారు. ఆ గుట్ట దగ్గర పనిచేసే ఆడమనిషికి వేలు తెగితే ఆమె మిసిసిపికి ఉత్తరం రాసి అనుమతి అడగదు. అయినా ఆమె సాక్ష్యం చెల్లదు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం బయటి దేశంలో జనం వాడుతున్నారన్నది లెక్కలోకి రాదు, బయటి దేశంలో అచ్చయి ఉంటేనే లెక్క. అందుకని మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత సంస్కృత గ్రంథాన్నీ, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ, ఇంకా ముప్ఫై దాకా కాగితాల్నీ వెతికి పట్టుకెళ్ళింది. 1997లో పేటెంటు రద్దయింది. దేశమంతా పండగ చేసుకుంది. అసలు జరిగిందేమిటంటే, నాయనమ్మ ఓడిపోయింది. నాయనమ్మ గురించి ఎవరో రాసిన కాగితం గెలిచింది.

2011లో అమెరికా చట్టం మార్చి, 2013 మార్చి నుంచి బయటి దేశాల వాడుకనూ లెక్కలోకి తీసుకుంటామన్నారు. మేం సంతోషించేలోపే సంగతి తెలిసింది. వచ్చిన పేటెంటును వాళ్ళ పేటెంటు ఆఫీసులోనే సవాలు చేయడానికి అదే చట్టం ఒక కొత్త తలుపు తెరిచింది. 2012 నుంచి జనం ఆ తలుపు దగ్గరే క్యూ కడుతున్నారు. ఆ తలుపు దగ్గర చెల్లేవి పాత పేటెంట్లూ, అచ్చయిన ప్రచురణలూ మాత్రమే. మా కేబుల్ కుర్రాడు వెళ్ళి "ఇది మేం రోజూ చేసేదే కదండీ" అంటే, "ఏ పేజీ?" అంటారు.

పేజీలకు మాకు కొదవ లేదు. రామాపురం పక్కనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. తాతల నాటి పత్రికలు బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. కానీ 'పడుగు కొస మిగుల్చుకోవలెను' అని ఏ పత్రికకు ఎవరు వ్యాసం పంపుతారు? ముద్ద నోట్లో పెట్టుకోవాలని ఏ సంపాదకుడైనా సంపాదకీయం రాశాడా? సంగతి ఎంత అందరికీ తెలిసిందైతే, దాన్ని రాయాలని అంత తక్కువమందికి తోస్తుంది. మీ చల్లని చూపు సరిగ్గా అక్కడే పడింది. ఎవరూ రాయనంతగా అందరికీ తెలిసిన చోటు వెతుక్కుని మొదటి కాగితం మీరు పెట్టారు. ఊరంతా నడిచే డొంకకు కాగితం ఉండదు. కాగితం తెచ్చుకున్నవాడిదే డొంక. ఈ సూత్రాన్ని కనిపెట్టినందుకు మాత్రం మీకు నిజంగా ఒక పేటెంటు ఇవ్వాలి. అయితే మా ఊళ్ళో భూముల దగ్గర ఇదీ పాత సంగతేనని గ్రామ సర్వేయరు చెవిలో చెప్పాడు.

ఓ కేవల భూషణా!

మా దేశంలో మీకు జరిగిన మర్యాదలూ చెప్పుకోవాలి. 1970 నాటి మా పేటెంట్ల చట్టం, సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము 'కేవలం' ప్రోగ్రాముగా ఆవిష్కరణ కాదు. ఆ 'కేవలం' అన్న మాటే మీ నుదుట బొట్టయింది. గుళ్ళోకి చెప్పులేసుకుని రాకూడదంటే, చెప్పులు సంచిలో వేసుకుని సంచి చంకన పెట్టుకుని వచ్చారు. సాఫ్టువేరుకు మోడెం తొడిగి 'ఇది కేవలం ప్రోగ్రాము కాదు, పరికరం' అన్నారు. మా తలుపు కూడా తక్కువది కాదు. 2004 డిసెంబరులో ఆర్డినెన్సు దాన్ని వారగా తెరిచింది, 2005లో పార్లమెంటు మూసింది. 2016 ఫిబ్రవరిలో పేటెంటు ఆఫీసు 'హార్డువేరులో కూడా కొత్తదనం ఉండాలి' అని గడియ పెట్టింది, 2017 జూన్‌లో తానే తీసింది. 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఫరీద్ అల్లానీ కేసులో, సాంకేతిక ప్రయోజనం కనిపిస్తే ప్రోగ్రామన్న పేరుతో గెంటేయకూడదంది. గాలికి కొట్టుకునే తలుపు కిందే కదా గడప అరిగేది.

2024 మార్చిలో ఎరిక్సన్, లావా ఫోన్ల తగాదాలో అదే హైకోర్టు లావాను 244 కోట్ల రూపాయలు కట్టమంది. ఎరిక్సన్ ఎనిమిది పేటెంట్లలో ఒకటి కొత్తదనం లేదని పోయింది, ఏడు నిలిచాయి. కొత్తదనం తేల్చడానికి న్యాయమూర్తి వేసిన మెట్లకు ఏడు స్తంభాల పద్ధతి అని పేరు పెట్టారు. మాకు తెలిసిన స్తంభం కథలో, అడిగినవాడికే ఆపద వచ్చింది.

మా చట్టంలో ఒక పాతకాలపు బలహీనత కూడా ఉంది. పేటెంటు రాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. స్థానిక సమూహాల్లో నోటిమాటగా ఉన్న జ్ఞానం కూడా అభ్యంతరానికి ఆధారమేనని సెక్షన్ 25(1)(కె) చెబుతుంది. 1978 డిసెంబరులో మా సుప్రీంకోర్టు గిన్నెలను లేతు మీద బిగించే పద్ధతి తాలూకు పేటెంటును కొట్టేస్తూ, కార్ఖానాలో పనివాడు చేసుకునే చిన్న సవరణ ఆవిష్కరణ కాదంది. మీరు కంగారు పడకండి. మా వైపు దరఖాస్తులు చూసే ఆఫీసు చెన్నైలో ఉంది, పెదనాన్నకు మోకాళ్ళ నొప్పులు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో 'కొస మిగుల్చుకోవడం' అన్న మాట భూతద్దం పెట్టినా దొరకదు.

ఓ వాదసింహమా!

న్యాయానికి ఒకటి ఒప్పుకోవాలి. 'విన్నాక అందరికీ తెలిసినట్టే ఉంటుంది' అని మీవాళ్ళు అంటారు. ఆ మాట అబద్ధం కాదు. పొడుపుకథ విప్పాక చంటివాడు కూడా 'ఇంతేనా' అంటాడు, విప్పకముందు తాతగారు కూడా తల గోక్కుంటారు. అంతదాకా ఎందుకు, మా ఇంటి మోడెం చేసినవాడికి కొస మిగల్చాలని తట్టలేదుగా! ఇంత తెలిసిన సంగతి తెలియనివాళ్ళు ఉన్నారనడానికి మా ఎర్ర దీపమే సాక్ష్యం. ఆ సాక్ష్యం మీ పక్షాన వాడుకోండి, మాకు అభ్యంతరం లేదు.

ఈ చిక్కు విప్పడానికే చట్టం ఒక మనిషిని పుట్టించింది. ఆ విద్యలో సామాన్య నైపుణ్యం గలవాడని ఆయన పేరు. ఆయన లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివాడు, సొంతంగా మాత్రం ఏమీ ఆలోచించడు. 2007లో కారు పెడలు కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆయనకూ కాస్త ఊహ ఉంటుందని, ఆయన మరబొమ్మ కాడని గుర్తుచేయాల్సి వచ్చింది. మా అరుగు మీద కూచున్నాయన దీనికి తిరగబెట్టిన బొమ్మ. ఒక్క కాగితమూ చదవలేదు, ఆలోచన మాత్రం మానలేదు. సామాన్యుడి పేరు మీద ఇన్ని తీర్పులు వచ్చాయి. ఆయన బదులు కోర్టుకు వచ్చి గంటల లెక్కన మాట్లాడే నిపుణులున్నారు. ఆయన్నే పిలిస్తే "ఓ, అదా" అంటాడు, కేసు అయిపోతుంది. అంత చవగ్గా దొరికే న్యాయాన్ని ఎవరు గౌరవిస్తారు?

ఓ సన్మానితా!

ఈ సభలో మీకు కప్పుతున్న కండువా మా మగ్గం మీద నేసిందే. అచ్చు పెదనాన్నే అతికాడు. మామూలుగా ముడులు పడ్డ కొసను కోసి పారేస్తారు. ఈసారి కోయవద్దన్నాం. వేళ్ళతో తడిమి చూడండి, పోగుపోగుకూ ఒక ముడి తగులుతుంది. వాటి మీద తారీఖు లేదు, పేజీ నంబరు లేదు.

మీ కోసం ఆ లోటు కూడా తీర్చాం. అచ్చు అన్న మాటకు మా పెదనాన్న ఎరిగిన అర్థం ఒకటి, మీరు ఎరిగిన అర్థం ఒకటి. ఈ పత్రాన్ని మీ అచ్చులో వేయించి, తారీఖు వేసి, ఒక ప్రతిని సారస్వత నికేతనానికి పంపుతున్నాం. రేపు ఇంకెవరైనా మహానుభావుడు 'కొస మిగుల్చుకోవడం' కనిపెట్టి వస్తే, ఏ పేజీ అని ఆయన అడగనక్కర్లేదు. బీరువా ఎక్కడో మేమే చూపిస్తాం.

ఇట్లు,
సామాన్య నైపుణ్యం గల
రామాపురం గ్రామస్థులు